తూములోకి చూసిన మనిషి



డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచీ ఏటా ఆ రోజున చిన్న చిన్న జెండాలు పంచి విరాళాలు పోగుచేస్తారు. ఆ డబ్బు సైనికుల కుటుంబాలకూ మాజీ సైనికులకూ వెళుతుంది. బళ్ళో చదివే రోజుల్లో మీరూ ఒక జెండా కొని జేబుకి గుచ్చుకునే ఉంటారు. నేనూ గుచ్చుకున్నాను. ఆ జెండాతో ఇంటికొస్తుంటే దారిలో మా పెద్ద మావయ్య ఎదురయ్యేవాడు. ఆయన పదిహేనేళ్ళు మిలిట్రీలో చేసి వచ్చిన మనిషి. ఆయన్ని చూసి మేం పిల్లలందరం కిసుక్కున నవ్వేవాళ్ళం. ఇవాళ ఆ నవ్వు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మా అమ్మమ్మగారిది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపి 'మిలిటరీ మాధవరం' అని పేరు తెచ్చుకుంది. మా ఊరికి అంత పేరు లేదు గానీ, అక్కడా ఏడెనిమిది మంది మిలిట్రీ వాళ్ళుండేవారు. అందరూ మీసాలు మెలేసి, ఠంచనుగా లేచి, క్యాంటీన్ నుంచి తెచ్చిన ఇనప్పెట్టెలో సబ్బులూ దుప్పట్లూ దాచుకుని పెద్దమనుషుల్లా తిరిగేవారు. పెళ్ళిలో ముందు వరస కుర్చీ వాళ్ళకే. మా మావయ్యకి మాత్రం ఊళ్ళో ఒక మారుపేరుండేది: తూము హవల్దారు.

ఎందుకంటే, ఇంటి దగ్గర్నుంచి మా పొలానికి వెళ్ళే పుంతలో మూడు తూములుండేవి. ఊరందరూ తూము మీదుగా నడిచి వెళితే ఈయన మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగేవాడు. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, వంగి, తూము లోపలికి చూసేవాడు. తర్వాత అవతలి గట్టెక్కి మావైపు చెయ్యి ఊపేవాడు. మేమూ ఊపేవాళ్ళం. ఊపి నవ్వుకునేవాళ్ళం. ఎండాకాలంలో బోదె ఎండినా అంతే, బురదలో దిగి చూసేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక రోజు అత్తయ్య ఇచ్చిన క్యారేజీ పట్టుకుని మావయ్యతో పొలానికి బయల్దేరాను. రెండో తూము దగ్గర ఆయన చెప్పులు విప్పుతుంటే, నేను పరుగెత్తుకెళ్ళి తూము నడిమధ్య నిలబడి, "మావయ్యా, చూడు, ఏమీ కాలేదు" అన్నాను. ఆయన గొంతులోంచి వచ్చిన కేక నేను మళ్ళీ ఏ మనిషి దగ్గరా వినలేదు. నా రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగి, నన్ను గట్టు కింద పడేసి, నా మీద బోర్లా పడుకున్నాడు. క్యారేజీ దొర్లిపోయి పులుసంతా దుమ్ములో కలిసింది. ఆయన గుండె నా వీపు మీద దడదడా కొట్టుకోవడం నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. కాసేపటికి లేచాడు. నా గౌనుకి అంటిన మట్టి దులిపాడు. గిన్నెలు ఏరి మూతలు పెట్టాడు. "అత్తయ్యకి చెప్పకమ్మా" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

నేను చెప్పేశాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేశారంటే, మనూళ్ళలో అందరూ చేసేదే చేశారు. దిష్టి తీయించారు. తాయెత్తు కట్టించారు. టౌనుకి తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపిస్తే, ఆయన బీపీ చూసి, బలానికి మాత్రలు రాసి పంపించాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్రమాత్రలు అలవాటు చేశాడు. మిగతాది సాయంత్రం పూట సీసా చూసుకుంది. కోపం వస్తే గిన్నెలు గోడకేసి కొట్టేవాడు. "మిలిట్రీ మనిషి కదా, ఆ మాత్రం కోపం ఉంటుందిలే" అనేది అమ్మమ్మ. ఆ ఒక్క మాటతో అందరం సరిపెట్టుకున్నాం. రాత్రి రెండింటికి ఆయన లేచి ఇంటి చుట్టూ ఎందుకు తిరుగుతున్నాడో ఎవరం అడగలేదు.

అడగకుండానే 2006లో ఆయన పోయాడు. కాలేయం పాడైందన్నారు.

పెద్దకర్మ నాడు శ్రీకాకుళం నుంచి ఒకాయన వచ్చాడు. మావయ్యతో కలిసి పనిచేసినవాడు. పేపర్లో చూసి కాదు, ఏ నెలా తప్పకుండా తను రాసే కార్డుకి జవాబు రాకపోయేసరికి అనుమానపడి వచ్చాడు. భోజనాలయ్యాక అత్తయ్య దగ్గర కూర్చుని, "వదినమ్మా, వాడు శ్రీలంక సంగతి ఎప్పుడైనా చెప్పాడా?" అని అడిగాడు. లేదంది. అప్పుడు చెప్పాడు.

1987 జులైలో మన దేశమూ శ్రీలంకా ఒప్పందం చేసుకున్నాక అక్కడికి శాంతి సేనను పంపారు. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేలోపు దాదాపు 1,200 మంది మన సైనికులు అక్కడే చనిపోయారు. జాఫ్నా చుట్టుపక్కల రోడ్ల మీద, కల్వర్టుల కింద అక్కడి తిరుగుబాటుదారులు మందుపాతరలు పెట్టేవారు. లారీలు కదలకముందే తెల్లవారుజామున కొందరు కాలినడకన వెళ్ళి, ప్రతి కల్వర్టు దగ్గరా దిగి, పొట్ట మీద పాకి లోపలికి చూసి, చెయ్యి ఊపాలి. చెయ్యి ఊపితేనే వెనక బండ్లు కదులుతాయి. మా మావయ్యకి నెలల తరబడి అదే డ్యూటీ. ఒక రోజు ఆయన చూసి, ఏమీ లేదని చెయ్యి ఊపిన కల్వర్టు, లారీ దాని మీదికొచ్చేసరికి పేలిపోయింది.

ఆ మాట వినగానే అత్తయ్య ఏడవలేదు. లేచి వెళ్ళి దొడ్లో నిలబడింది. నాకు మాత్రం మావయ్య ఊపిన చెయ్యి కళ్ళ ముందు ఆడింది. మాకేదో టాటా చెబుతున్నాడనుకున్నాం. ఆయన పదిహేనేళ్ళపాటు రోజూ పొద్దున్నే మా ఊరి తూములు మా కోసం తనిఖీ చేసి, ఇక రావచ్చని చెబుతున్నాడు.

తర్వాత నేను మానసిక ఆరోగ్య రంగంలోనే కౌన్సెలర్‌నయ్యాను. ఆ కారణం చేతే అయ్యానని చెప్పలేను గానీ, అది లేకుండా అయ్యేదాన్ని కాదు.

మావయ్యకి ఉన్నదానికి వైద్యంలో పేరుంది. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ. పేరు కొత్తదే గానీ జబ్బు పాతదే. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బ ఒక్కటీ తగలకుండానే మాట పడిపోయి, వణుకు పట్టి, చూపు పోయి ఆసుపత్రికొచ్చిన సైనికులు వేలల్లో ఉన్నారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు వైద్య పత్రికలో దాన్ని 'షెల్ షాక్' అన్నాడు. పక్కనే ఫిరంగి గుండు పేలితే మెదడు అదిరిపోవడం వల్ల అలా అవుతుందని ముందు అనుకున్నారు. తీరా చూస్తే గుండు దరిదాపుల్లో లేనివాళ్ళకీ అదే జబ్బు. అప్పట్లో పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన సైనికుల్లో 306 మందిని 2006లో, అంటే తొంభై ఏళ్ళ తర్వాత, ఆ ప్రభుత్వం క్షమించింది. వాళ్ళలో ఎందరు నిజంగా జబ్బు మనుషులో ఇప్పుడు తేల్చేవారెవరు?

ఆ యుద్ధకాలంలోనే స్కాట్లండ్‌లో క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే ఆసుపత్రిలో డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్ అనే డాక్టరుండేవాడు. ఆయనకీ మన దక్షిణాదికీ ఒక సంబంధముంది. అంతకు పదిహేనేళ్ళ ముందు నీలగిరుల్లో తోడా జాతి వారి మధ్య ఉండి, వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా విని, 1906లో పెద్ద పుస్తకం రాశాడు. ఆ రివర్స్ తన దగ్గరికొచ్చిన అధికారులతో, జరిగింది మర్చిపొమ్మని మీకు చెప్పినవాళ్ళ మాట వినొద్దు, దాన్ని అణచిపెట్టే కొద్దీ రాత్రుళ్ళు పైకి లేస్తుంది, నాతో మాట్లాడండి అనే ధోరణిలో వైద్యం చేశాడు. 1917 డిసెంబరులో వైద్యుల సభలో ఇదే సంగతి చదివి వినిపించాడు. వందేళ్ళు దాటినా మనం ఇంకా "ఎందుకులెండి, పాతవి తవ్వుకోవడం" అంటూనే ఉన్నాం.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు ఏళ్ళ తరబడి పోరాడాక 1980లో అక్కడి మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీని తన జబ్బుల పట్టికలో చేర్చింది. లక్షణాలు మీకు ఇంట్లో కనబడే మాటల్లో చెబుతాను. జరిగింది గుర్తుకు రావడం మామూలే, అది జ్ఞాపకం. ఈ జబ్బులో అది గుర్తుకు రాదు, మళ్ళీ జరుగుతుంది. టపాకాయ మోత, డీజిలు వాసన, కోడిని కోసినప్పటి రక్తం, ఏదో ఒకటి చాలు, మనిషి ఇక్కడుండడు. అందుకని అలాంటివి ఉన్న చోటికి పోవడం మానేస్తాడు. పెళ్ళికి రాడు, జాతరకి రాడు. మనమేమో పొగరనుకుంటాం. వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చోడు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడతాడు. కూతురు ఫస్టు క్లాసులో పాసైనా మొహంలో సంతోషం కనబడదు. నెల దాటినా ఇది తగ్గకపోతే, బతుకు పనులకు అడ్డమొస్తుంటే, డాక్టరు చూడవలసిన జబ్బు. ఇది కొందరికి యుద్ధం నుంచి రాగానే మొదలవుతుంది. కొందరికి ఏళ్ళ తర్వాత, ఉద్యోగం హడావిడి తగ్గి ఇంట్లో ఊరకే కూర్చున్నాక బయటపడుతుంది. యుద్ధాలకెళ్ళిన అందరికీ వస్తుందని మాత్రం అనుకోవద్దు. రాని వాళ్ళే ఎక్కువ.

మావయ్య విషయంలో భయం ఒక్కటే కాదని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆయన చెయ్యి ఊపాడు, లారీ కదిలింది. ఆ భారం భయం కన్నా పెద్దది. ఇలాంటిదాన్ని వైద్యులు నైతిక గాయం అంటున్నారు. తను చేసిన పని వల్లో, చేయలేకపోయిన పని వల్లో మరొకరు పోయారనే బాధ అది. "నీ తప్పేం లేదులే" అని భుజం తట్టినంత మాత్రాన అది పోదు. ఆ రోజు ఎంత చీకటి, ఎంత సమయం ఇచ్చారు, చూడగలిగిందేమిటి, చూడలేనిదేమిటి, ఇవన్నీ ఒక్కొక్కటే కూర్చోబెట్టి చెప్పించాలి. తప్పు తనదో కాదో ఆయనే తూచుకునేలా చేయాలి.

దీనికి మందుందా? ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి గాయానికి కూడా ఉంది. సెర్ట్రలిన్ లాంటి మాత్రలు చాలామందికి పనిచేస్తాయి, కుదుట పడడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతకన్నా బాగా నిలిచేది మాటల వైద్యం. అందులో ఒక పద్ధతి ప్రకారం వారానికొకసారి, సుమారు గంటన్నర చొప్పున, ఎనిమిది నుంచి పదిహేను సార్లు కూర్చుంటారు. కళ్ళు మూసుకుని ఆ రోజు జరిగింది ఇప్పుడు జరుగుతున్నట్టుగా చెప్పాలి. మళ్ళీ చెప్పాలి. చెప్పినకొద్దీ దాని పదును తగ్గుతుంది. ఇంకో పక్క, తప్పించుకు తిరుగుతున్న చోట్లకి మెల్లగా వెళ్ళడం నేర్పుతారు. మావయ్య నా దగ్గరికి వచ్చుంటే మొదటి వారం తూముకి వంద గజాల దూరంలో నిలబెట్టేదాన్ని. గుండె దడ తగ్గేదాకా పక్కనే ఉండేదాన్ని. తర్వాత యాభై గజాలు. నాలుగో వారానికో అయిదో వారానికో ఇద్దరం తూము మీద కూర్చుని క్యారేజీ విప్పుకునేవాళ్ళం.

ఒక హెచ్చరిక. ఆర్‌ఎంపీలు, మందుల షాపుల వాళ్ళు చేతిలో పెట్టే నిద్రమాత్రలు, అల్ప్రాజోలం, డైజిపామ్ వంటివి, ఈ జబ్బుకి మందు కావు. అలవాటై కూర్చుంటాయి. వాటి మీద మద్యం తాగితే ఊపిరికే ప్రమాదం. అయితే ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు గానీ, రోజూ తాగేవాళ్ళు గానీ ఇవాళ నా మాట విని ఒక్కసారిగా ఆపేయొద్దు. ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

మన సైనికుడు ఇంటికి ఏ వయసులో వస్తాడో చూడండి. పద్దెనిమిదికో ఇరవైకో చేరి, పదిహేను పదిహేడేళ్ళు చేసి, నలభై నిండకుండానే వచ్చేస్తాడు. అప్పటిదాకా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎవరితో నడవాలో చెప్పే పల్టన్ ఉంటుంది. కష్టమొస్తే పక్క మంచం మీద తోటివాడుంటాడు. ఒక్క రోజులో అదంతా పోయి, ఏడాదికి రెండు నెలలు తప్ప తను లేకుండా నడిచిన ఇంట్లోకి వస్తాడు. పిల్లలు ఆయనతో మాట్లాడాలంటే అమ్మ ద్వారా మాట్లాడతారు. భార్య ఇన్నేళ్ళూ ఒక్కతే సంసారం లాగింది, ఇప్పుడు ఆమె చేసిన ప్రతి ఏర్పాటూ ఈయనకి తప్పుగా కనబడుతుంది. ఏటీఎం ముందు తుపాకీ పట్టుకుని కూర్చునే ఉద్యోగం దొరుకుతుంది. సెలవులో వచ్చినప్పుడు ఊరంతా చుట్టూ చేరి కబుర్లడిగేది, రిటైరై వచ్చేశాక ఏడాది తిరక్కుండానే ఎవరి పని వాళ్ళది. మావయ్య లాంటి గాయం లేనివాణ్ణి కూడా ఈ ఒంటరితనం కుంగదీస్తుంది. తుపాకీ లైసెన్సు ఉన్న ఇల్లైతే, మనిషి బాగాలేని రోజుల్లో ఆ తుపాకీ ఇంట్లోంచి తీయించండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

చేతికందే సాయం గురించి చెప్పాలి. మాజీ సైనికుల కోసం ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. పించనుదారుడికీ, భార్యకీ, ఆధారపడ్డ పిల్లలకీ, తల్లిదండ్రులకీ వర్తిస్తుంది. పాలీక్లినిక్‌కి వెళితే అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. చాలామంది ఆ కార్డు షుగరుకీ మోకాళ్ళకీ గుండెకీ వాడుతున్నారు. మనసుకీ వాడుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక మానసిక జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలన్నది చట్టం మాట. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి సాయం చేయాలనీ, శిక్షించకూడదనీ అదే చట్టం చెబుతోంది. పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లో దాచిపెట్టే రోజులు పోవాలి.

వైకల్య పించను సంగతి చాలామందికి తెలియదు. సైన్యంలో చేరేటప్పుడు లేని జబ్బు, తర్వాత వస్తే, అది సర్వీసు వల్ల రాలేదని నిరూపించే బాధ్యత సైన్యానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో నిబంధనలు మారాయి కాబట్టి ఎప్పుడు బయటికొచ్చారన్నది ముఖ్యం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడుగుతున్నాను. ఆ జిల్లా సైనిక కార్యాలయానికి పించను కాగితం కోసం, పిల్లల స్కాలర్‌షిప్పు కోసం మాజీ సైనికులు ఎలాగూ వస్తారు. అక్కడే వారానికి ఒక రోజు ఒక కౌన్సెలర్ని కూర్చోబెట్టాలి. పిచ్చాసుపత్రి బోర్డు చూసి వెనక్కి తిరిగే మనిషి, సైనిక కార్యాలయం గుమ్మం ధైర్యంగా ఎక్కుతాడు. ఇంకొకటి, అగ్నివీరులు. 2022లో మొదలైన ఈ పథకంలో నాలుగేళ్ళయ్యాక నాలుగో వంతుకి మించకుండా ఉంచుకుని మిగతావాళ్ళను పంపేస్తారు. ఆర్మీలో మొదటి దళం 2023 ఆరంభంలో శిక్షణకు వెళ్ళింది. బయటికొచ్చే కుర్రాళ్ళకి పించను లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డూ లేదు. మందుపాతర సర్వీసు ఎన్నేళ్ళని అడగదు. కనీసం మానసిక వైద్యం వరకైనా ఆ కార్డు వాళ్ళకివ్వాలి. ఇది న్యాయమైన కోరిక అని నా నమ్మకం.

ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక మాట. మా అత్తయ్య పద్నాలుగేళ్ళు సరిగ్గా నిద్రపోలేదు. ఆమెనూ ఎవరం అడగలేదు. భర్త చెయ్యి ఎత్తితే అది జబ్బు వల్లనే కావచ్చు, అయినా దెబ్బ దెబ్బే, ఓర్చుకుని పడి ఉండక్కర్లేదు. పక్కింటికో పుట్టింటికో వెళ్ళండి, తర్వాత వైద్యం సంగతి చూడొచ్చు. ఆయన నెమ్మదిగా ఉన్న వేళ, వేరే పని చేసుకుంటూ, కూర తరుగుతూనో బియ్యం ఏరుతూనో, "రాత్రి నిద్ర పట్టినట్టు లేదే, ఏం గుర్తొచ్చింది?" అని అడగండి. చెప్పకపోతే వదిలేయండి, నాలుగు రోజులు పోయాక మళ్ళీ అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికీ భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే భారం దిగుతుంది.

ఎవరికి చెప్పాలో తెలియకపోతే ఫోను ఉంది. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన సేవ. రాత్రీ పగలూ పలుకుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడతారు. సైన్యంలో ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళ కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేకంగా ఒక విభాగం కూడా పెట్టారు. మాజీ సైనికుడే చేయాలని లేదు. భార్య చేయొచ్చు, కొడుకు చేయొచ్చు, తొమ్మిదేళ్ళ మేనకోడలు చెబితే పక్కింటి మాస్టారు చేయొచ్చు.

కాగితం, పెన్సిలు తీసుకోండి. 14416. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.